కార్తీకం బరాత్‌లకు రాణిని పంపొచ్చా?

ప్రశ్న: సార్, మాది జడ్చర్ల దగ్గర ఊరు. బాపు కాలం నుంచి పెళ్లి బరాత్‌లకు గుర్రం పెడతాం. మా రాణి తెల్లగుర్రం, తొమ్మిదేళ్లది. శ్రావణం ఆఖర్లో ఒక రాత్రి తాడు తెంపుకొని మక్కల బస్తా మీద పడి కడుపునిండా తిన్నది. తెల్లారి మంచిగానే ఉన్నది. మూడో రోజు ముందుకాళ్లు ముందుకు చాపి, ఒళ్లంతా వెనక్కి వాల్చి నిలబడ్డది, అడుగు తీసి అడుగు వేయలేదు. డాక్టర్ గారు వచ్చి లామినైటిస్ (గిట్ట లోపలి పొరల వాపు) అన్నారు. ఏడు వారాలైంది. ఇప్పుడు కొట్టంలో బాగానే తిరుగుతున్నది. కానీ ఇంకా రెండు నెలలు బయటికి తీయొద్దంటున్నారు. నాడాలు తీసేయించారు. ఉలవలు, పచ్చిగడ్డి బంద్ చేసి నానబెట్టిన వరిగడ్డి ఒక్కటే వేయమన్నారు. పక్కటెముకలు తేలుతున్నాయి. నొప్పి మందు తగ్గిస్తూ వస్తున్నారు. తగ్గించినప్పటి నుంచి మళ్లీ కొంచెం కుంటుతున్నది, పెంచమంటే పెంచనన్నారు. నాడాలు కొట్టే ఆయన మడమ ఎత్తు నాడాలు వేసి నడిపిస్తే రక్తం ఆడుతుంది అంటున్నాడు. మా తాత ఇలాంటి గుర్రాలను చెరువు బురదలో నడిపించేవాడట. చిన్నాయన మెడికల్ షాపు నుంచి డైక్లో ఇంజక్షన్ తెచ్చి వేద్దామంటున్నాడు. ఒక్క ఎక్స్‌రే కూడా తీయలేదు. ఈ డాక్టర్ గారు రోజూ బర్రెలు, గొర్రెలు చూసే మనిషి. కార్తీకం బరాత్‌లకు అడ్వాన్సులు తీసుకున్నాం. ఆయన మాట వినాలా, డాక్టర్‌ను మార్చాలా?

జవాబు: అడిగిన దానికి ముందే సూటిగా చెప్పేస్తాను. కార్తీకానికి రాణి పనికిరాదు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, గుర్రాల గురించి తెలిసినవాడైతే ఇదే చెబుతాడు. మీకూ డాక్టర్ గారికీ మధ్య ఐదు విషయాల్లో తగాదా ఉంది. విశ్రాంతి, నొప్పి మందు, ఈ రెండింటిలో ఆయనే కరెక్ట్. ఎక్స్‌రే గురించీ, ఒక్క వరిగడ్డితో నెట్టుకురావడం గురించీ మీరు అడిగింది న్యాయం. నాడాల సంగతి మాత్రం ఎక్స్‌రే చూడకుండా ఆయనా తేల్చలేడు, మీ నాడాలాయనా తేల్చలేడు, ఇక్కడ కూర్చుని నేనూ తేల్చలేను.

అసలు గిట్టలో ఏం జరిగిందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. గుర్రం గిట్ట లోపల ఒక ఎముక ఉంటుంది. దాన్ని గిట్ట గోడకు పట్టి ఉంచేవి ఆకుల్లాంటి సన్నటి పొరలు. ఒక్కో గిట్టలో 550 నుంచి 600 దాకా ఉంటాయి, ఒక్కోదానికీ మళ్లీ వందకు పైగా పిల్ల పొరలు. మన గోటికీ కింది మాంసానికీ ఉండే అతుకు లాంటిదే, కాకపోతే గుర్రం ఒంటి బరువంతా ఆ అతుకు మీదే వేలాడుతుంది. మక్కలు అంతలా తిన్నప్పుడు అందులోని పిండి చిన్నపేగులో అరగక పెద్దపేగులోకి దిగి పులుస్తుంది. ఆమ్లం పెరిగి పేగు గోడ దెబ్బతింటుంది, అక్కడి విషాలు రక్తంలో కలుస్తాయి. ఆ దెబ్బ గిట్టల్లో బయటపడేసరికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. తెల్లారి మంచిగా ఉన్న రాణి మూడో రోజు కదలకపోవడం అందుకే. ఒంటి బరువులో 60 శాతం దాకా ముందుకాళ్లే మోస్తాయి కాబట్టి ముందుకాళ్లు ముందు పోతాయి. వెనక్కి వాలి నిలబడ్డదన్నారు కదా, ఆ బరువును వెనక కాళ్ల మీదికి నెట్టుకుంటున్నదన్నమాట.

ఆ పొరలు వదులైతే రెండు శక్తులు ఎముక మీద పనిచేస్తాయి. పైనుంచి ఒంటి బరువు కిందికి తోస్తుంది. వెనక నుంచి కాలి స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది) ఎముకను లాగుతుంది. గుర్రం అడుగు ఎత్తే ముందు గిట్ట ముందు కొస మీద ఒక్క క్షణం ఒరుగుతుంది చూడండి, ఆ క్షణంలో వదులైన అతుకు మీద గుంజుడు బాగా పడుతుంది. ఎముక ముందు కొస కొద్దికొద్దిగా కిందికి తిరిగి గిట్ట అడుగు వైపు దిగుతుంది. పాడైన అతుకు మళ్లీ అక్కడికక్కడ అతుక్కోదు. పైన వెంట్రుకల అంచు నుంచి కొత్త గోడ గట్టి అతుకుతో పుట్టి కిందికి పెరుగుతూ రావాలి. గిట్ట నెలకు సెంటీమీటరు కూడా పెరగదు. ముందు గోడ పైనుంచి నేల దాకా పూర్తిగా కొత్తది కావాలంటే తొమ్మిది నెలల నుంచి సంవత్సరం. మీ రాణికి ఏడు వారాల్లో పైన ఒకటిన్నర సెంటీమీటరు కొత్త గోడ వచ్చి ఉంటే గొప్ప. కింద మిగిలిందంతా దెబ్బతిన్న పాతదే.

కాబట్టి ‘కొట్టంలో బాగానే తిరుగుతున్నది’ అన్న మాటను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. మెత్తటి నేల మీద, నొప్పి మందు మీద, నాలుగడుగులు వేసే గుర్రం బాగానే కనిపిస్తుంది. మందు తగ్గించగానే కుంటు వచ్చిందని మీరే రాశారు. లోపల ఇంకా గట్టిపడలేదని రాణి మీకు చెబుతున్నది.

మీ తాత గారి చెరువు బురద సంగతి. దాన్ని కొట్టిపారేయను. జబ్బు మొదలైన మొదటి రెండు మూడు రోజుల్లో గిట్టలను మంచు నీళ్లలో పెట్టి బాగా చల్లబరిస్తే పొరలకు దెబ్బ తగ్గుతుందని ఇవాళ పెద్ద పెద్ద గుర్రాల ఆసుపత్రుల్లోనూ చేస్తున్నారు. చెరువులో నిలబెట్టడం అందులో సగం. కానీ నడిపించడం తప్పు. పాత రోజుల్లో పుస్తకాలు చదివిన డాక్టర్లు కూడా బలవంతంగా నడిపించేవాళ్లు, రక్తం ఆడుతుందనే నమ్మకంతోనే. వదులైన అతుకు ఇంకా చిరుగుతుందని తెలిశాక మానేశారు. ఏడు వారాల తర్వాత ఇప్పుడు చల్లబరచడానికీ టైం దాటిపోయింది.

నొప్పి మందు పెంచమని అడగడం వెనక మీ మనసు నాకు అర్థమవుతుంది. జంతువు కుంటుతుంటే చూడలేం. కానీ నొప్పి పూర్తిగా పోతే అది ఆగకుండా తిరుగుతుంది, తిరిగిన కొద్దీ పైన చెప్పిన గుంజుడు. పైగా ఈ మందులు నెలల తరబడి ఇస్తే గుర్రానికి కడుపులో పుండ్లు పడతాయి, పెద్దపేగు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మేత వదిలేయడం, పళ్లు కొరకడం, పేడ పలచబడటం, పొట్ట కింద వాపు, ఇవి కనిపిస్తే ఆ రోజే డాక్టర్ గారికి ఫోన్ చేయాలి. అయితే నొప్పితో అల్లాడుతున్నా మందు ఇవ్వొద్దని దీని అర్థం కాదు. తగ్గించిన మూడో నాలుగో రోజుకు కుంటు ఎక్కువైతే అది ఆయనకు తెలియాలి. తగ్గించే వేగం మార్చుకోవాలా, లోపల ఇంకేమైనా జరుగుతున్నదా అని ఆయన ఆలోచించాల్సిన విషయం అది. ‘మందు పెంచండి’ అని అడిగితే కాదంటారు. ‘తగ్గించాక ఇలా నడుస్తున్నది, చూడండి’ అని వీడియో చూపిస్తే ఆగి చూస్తారు.

చిన్నాయన డైక్లో ఇంజక్షన్ మాత్రం కొట్టం గడప దాటి లోపలికి రాకూడదు. పశువులకు వాడే డైక్లోఫెనాక్‌ను 2006లోనే మన దేశంలో నిషేధించారు. ఆ మందు పడ్డ కళేబరాలు తిని రాబందులు చచ్చిపోయి, దేశంలో రాబందుల జాతే దాదాపు ఊడ్చిపెట్టుకుపోయింది. మనుషుల సీసాల్లోంచి పశువులకు ఎక్కించకుండా 2015లో సీసా సైజును కూడా 3 మిల్లీలీటర్లకు కుదించారు. చట్టం సంగతి పక్కన పెట్టినా, డాక్టర్ గారు ఒక నొప్పి మందు ఇస్తుంటే దాని మీద అలాంటిదే ఇంకొకటి వేస్తే కడుపు, మూత్రపిండాల మీద దెబ్బ రెట్టింపు. చిన్నాయనకు మీరు చెబితే వినకపోతే బాపుతో చెప్పించండి.

ఇక అసలు తగాదా ఎక్కడ పుడుతున్నదో చూద్దాం. మీరు ‘కొంచెం కుంటుతున్నది’ అంటారు. ఆయన ‘ఇంకా తగ్గలేదు’ అంటారు. ఇద్దరి ‘కొంచెం’ ఒకటి కాదు. దీనికి గుర్రాల డాక్టర్లు వాడే ఒక కొలత ఉంది, 1948లో ఓబెల్ అనే స్వీడన్ పశువైద్యుడు పెట్టింది. నిలబడ్డప్పుడు ముందుకాళ్లు ఒకటి మార్చి ఒకటి బరువు మారుస్తూ ఉండి, నడకలో కుంటు కనపడక, దుడుకు నడకలో (మెల్లటి పరుగు, ట్రాట్) మాత్రం అడుగులు కురచబడితే ఒకటో గ్రేడ్. నడవడానికి ఒప్పుకుంటుంది కానీ బిగుసుకుపోయినట్టు నడుస్తుంది, కాలు ఎత్తనిస్తుంది, అది రెండు. నడవడానికి మొండికేసి, ఒక కాలు ఎత్తబోతే ఒప్పుకోకపోతే మూడు. బలవంతం చేస్తే తప్ప కదలకపోతే నాలుగు. మొదటి రోజుల్లో రాణి నాలుగు దగ్గర ఉండి ఉంటుంది. ఇప్పుడు మీ రాతను బట్టి ఒకటికీ రెండుకీ మధ్య అనుకుంటున్నాను. చూడటం కోసం దుడుకు నడక నడిపించొద్దు. డాక్టర్ గారు చూడాలనుకుంటే ఆయన ముందే.

మీరు రోజూ చూడాల్సింది నాడి. గిట్టకు పైన మొదటి కీలు ఉంటుంది కదా, దాని వెనక భాగంలో లోపలి వైపు ఒకచోట, బయటి వైపు ఒకచోట, బొటనవేలు, చూపుడు వేలు మెత్తగా ఆనించి పట్టుకోండి. వేళ్ల కింద సన్నటి తాడులా జారేది ఒకటి తగులుతుంది. దాన్ని ఊరికే తాకండి, నొక్కితే కొట్టుకోవడం ఆగిపోతుంది. మామూలు గుర్రానికి అక్కడ నాడి ఉందో లేదో అన్నంత మెల్లగా ఉంటుంది, కొన్నిసార్లు దొరకను కూడా దొరకదు. గిట్టలో మంట ఉంటే టకటకా వేలికి కొడుతుంది, వెతకాల్సిన పని లేదు. మొదట వెనక కాలికి పట్టి చూసి, తర్వాత ముందు కాలికి చూస్తే తేడా తెలుస్తుంది. పొద్దున ఎండ ఎక్కక ముందు, సాయంత్రం చల్లబడ్డాక, ఒకే సమయానికి చూసి ఎంత గట్టిగా కొడుతున్నదో నోట్‌బుక్‌లో రాయండి. పక్కనే గిట్ట వేడిగా ఉందా, ఎంతసేపు పడుకుంది, ఎంత మేత తిన్నది, మందు ఎంత ఇచ్చారు. వారానికి ఒకసారి గట్టి నేల మీద నాలుగడుగులు నేరుగా, ఒకసారి మెల్లగా మలుపు తిప్పి అరనిమిషం వీడియో తీయండి. మలుపులో తెలిసిపోతుంది, నేరు నడకలో దాచుకున్న నొప్పి అక్కడ బయటపడుతుంది.

ఎక్స్‌రే విషయంలో మీరు గట్టిగా అడగాలి. ఏడు వారాల లామినైటిస్‌కు, అందులోనూ మందు తగ్గిస్తే కుంటుతున్న గుర్రానికి, పక్క నుంచి తీసిన ఎక్స్‌రే లేకుండా ముందుకు పోవడం చీకట్లో నడవడమే. గుర్రాన్ని చెక్క దిమ్మెల మీద నిలబెట్టి, గిట్ట ముందు గోడ మీద ఒక తీగ ముక్క అంటించి, రెండు ముందుకాళ్లకూ తీస్తారు. ఎముక గోడ నుంచి ఎన్ని డిగ్రీలు తిరిగింది, ఎంత కిందికి దిగింది, కింద ఎంత మందం మిగిలింది, ఇవి మూడూ కనపడతాయి. ఎముక కొస కింద గిట్ట అడుగు మందం 15 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంటే మంచిది. బాగా పలచబడితే రాయి మీద అడుగు పడ్డా ప్రమాదమే. ఈ మూడు అంకెలు చేతికొస్తే ‘ఇంకా రెండు నెలలు’ అన్నది డాక్టర్ గారి మొండితనమో, నిజమో మీకే అర్థమవుతుంది.

మండలాల్లోని పశువుల ఆసుపత్రుల్లో గుర్రం కాలికి ఎక్స్‌రే తీసే సౌకర్యం ఉంటుందని ఆశపడొద్దు, అది డాక్టర్ గారి తప్పు కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం వారి కాలేజీ ఆసుపత్రి ఉంది. మలక్‌పేట రేస్‌కోర్సు ఉన్న ఊరు కాబట్టి గుర్రాల మీదే పనిచేసే ప్రైవేటు డాక్టర్లు కూడా హైదరాబాద్‌లో దొరుకుతారు, వాళ్లలో చేతితో మోసుకొచ్చే ఎక్స్‌రే మిషన్ ఉన్నవాళ్లు ఉంటే మీ ఊరికే రావొచ్చు. నా మొగ్గు దానికే. జడ్చర్ల నుంచి రాజేంద్రనగర్ ఎంతో దూరం కాకపోయినా, డీసీఎం వ్యానులో నిలబడి బ్రేకు వేసినప్పుడల్లా ముందుకాళ్ల మీద ఊగడం ఈ గుర్రానికి మంచిది కాదు. తప్పక తీసుకెళ్లాల్సి వస్తే అడుగున మందంగా ఇసుకో ఊకో పోసి, డ్రైవర్‌ను నెమ్మదిగా పొమ్మని, దిగేటప్పుడు ఎత్తు నుంచి దూకనివ్వకుండా వాలు పలక పెట్టండి.

నాడాల విషయం. మడమ ఎత్తితే వెనక స్నాయువు లాగుడు తగ్గుతుంది, కాబట్టి మీ నాడాలాయన మాటలో అసలు పస లేదనను. కానీ ఎముక ఎంత తిరిగిందో తెలియకుండా మేకులు కొట్టి ఎత్తితే బరువు పోయి ముందు కొస మీద పడొచ్చు, సుత్తి దెబ్బలకే అల్లాడిపోతుంది. ఇప్పటికి నాడాలు లేకపోవడమే మేలు. ఎక్స్‌రే వచ్చాక డాక్టర్ గారినీ నాడాలాయననీ ఒకేసారి కొట్టంలో నిలబెట్టండి. ముందు కొస ఎంత వెనక్కి కోయాలి, మడమ ఎంత తగ్గించాలి అన్నది ఆ ఫిల్ము చూస్తూ మాట్లాడుకోవాలి. నాలుగైదు వారాలకోసారి ఆ కోత జరగాలి. గిట్ట అడుగును మాత్రం చెక్కనివ్వొద్దు. అందంగా శుభ్రం చేస్తానని అడుగు పలచన చేసేవాళ్లు చాలామంది, ఆ కొద్దిపాటి మందమే రాణికి ఇప్పుడు ప్రాణం. ఈలోపు డాక్టర్ గారు ఒప్పుకుంటే మందపాటి గట్టి థర్మాకోల్ పలకను గిట్ట ఆకారంలో కోసి అడుగున పెట్టి టేపు చుట్టొచ్చు. గుర్రం బరువుకు అది అణిగి గిట్ట అడుగుకు సరిగ్గా కూర్చుంటుంది. అణిగిపోయాక మార్చాలి.

కొట్టంలో నేల బండలైతే ఈ వైద్యమంతా సగం దండగ. కనీసం జానెడు మందం ఇసుకో, రంపపు పొట్టో వేయండి. ఇసుక గిట్ట అడుగుకు చక్కగా ఒదుగుతుంది, కానీ మేత మాత్రం ఇసుక మీద వేయొద్దు. ఇసుక తింటే కడుపునొప్పి వస్తుంది. తొట్టిలోనో, గోనె పట్టా మీదో వేయండి.

మేత గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి, మీరు బాగా బాధపడ్డది దీని గురించే అనిపించింది. డాక్టర్ గారు ఉలవలు, పచ్చిగడ్డి ఆపించడం సరైనదే. ఉలవల్లో సగానికి పైగా పిండి పదార్థమే. బెల్లం పేరెత్తొద్దు. పెళ్లివాళ్లు ప్రేమతో తినిపించే లడ్డూలు, చపాతీలు ఇకముందు రాణికి బంద్. కానీ వరిగడ్డి ఒక్కటే నెలల తరబడి అంటే నేను ఒప్పుకోను. దాంట్లో మాంసకృత్తులు నాలుగు శాతం దరిదాపుల్లోనే, సున్నం తక్కువ, సిలికా ఎక్కువ. గిట్ట గోడ పుట్టేది మాంసకృత్తుల నుంచే. కొత్త గోడ పెరగాలని ఎదురుచూస్తూ దానికి కావాల్సిన సరుకు ఇవ్వకపోతే ఎలా? పైగా ఎండు గడ్డి ఒక్కటే తిని, నీళ్లు తక్కువ తాగితే పేగులు బిగుసుకుపోతాయి.

ఎంత వేస్తున్నారో త్రాసులో తూచి చెప్పండి. 350 కిలోల గుర్రం అనుకుంటే, రోజుకు దాని ఒంటి బరువులో ఒకటిన్నర శాతం, అంటే ఐదు కిలోలకు పైన ఎండు మేత తక్కువలో తక్కువ. పక్కటెముకలు తేలుతున్న గుర్రానికి ఏడు కిలోల దాకా పోవాలి. లామినైటిస్ అని గుర్రాన్ని పస్తు పెట్టకూడదు. ముఖ్యంగా చిన్న జాతి గుర్రాలు, గాడిదలు ఆకలితో ఉంటే ఒంట్లోని కొవ్వంతా ఒక్కసారి రక్తంలోకి వచ్చి కాలేయాన్ని పాడుచేస్తుంది. పాలమూరులో పల్లీలకు కొదవ లేదు. బూజు లేని, బాగా ఎండిన పల్లి చెట్ల కట్టె వరిగడ్డిలో కలపొచ్చా అని అడగండి. నల్లగా, బూజు వాసన వేసేది మాత్రం తాకొద్దు. కొద్దిగా సోయా చెక్క, ఉప్పు, మినరల్ మిక్చర్, ఈ మూడింటి మోతాదూ ఆయన్నే అడగండి. ఏది మార్చినా పదిరోజుల్లో కొద్దికొద్దిగా. జొన్న చొప్ప కాడ కొరికితే తియ్యగా తగిలితే అది రాణికి వద్దు.

నానబెట్టడం గురించి ఒక మాట. గడ్డిలోని చక్కెర నీళ్లలోకి దిగాలనే నానబెట్టేది. అరగంట నుంచి గంట చాలు. ఆ నీళ్లు పారబోయాలి, రాణికి తాగించొద్దు. మన ఎండలకు నానిన గడ్డి పూట దాటితే పులుస్తుంది, కాబట్టి ఏ పూటది ఆ పూటకే.

ఇంకో విషయం, ఇది అందరూ మరిచిపోతారు. మీ చుట్టుపక్కల కోళ్ల ఫారాలు చాలా ఉన్నాయి. కోళ్ల దాణాలో, కొన్నిసార్లు పశువుల దాణాలో కూడా మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కలుపుతారు. కోళ్లకు అవి మందు, గుర్రానికి విషం, గుండె కండరాన్ని చంపేస్తాయి. చిక్కిందని జాలిపడి ఎవరైనా ఒక దోసెడు కోళ్ల దాణా పడేస్తే అయిపోయినట్టే. ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

మీ ఉత్తరంలో నాకు దొరకని సమాచారం ఒకటి ఉంది. మక్కలు తినకముందు రాణి ఒళ్లు ఎలా ఉండేది? మెడ పైభాగం, జూలు కింద, కొవ్వు పట్టి గట్టిగా లేచి ఉండేదా? ఒంటి మీద అక్కడక్కడా కొవ్వు ముద్దలు ఉండేవా? అలా ఉంటే మక్కలు పైకి కనిపించిన కారణం మాత్రమే, అసలు కారణం ఇన్సులిన్ తేడా అయి ఉండొచ్చు. ఆ గుర్రాలకు మళ్లీ మళ్లీ వస్తుంది, మేత నియమం జీవితాంతం. మెడ ఎప్పుడూ సన్నగానే ఉండి, ఇది ఒక్క రాత్రి ప్రమాదమే అయితే పూర్తిగా కోలుకున్నాక కొన్ని సడలింపులు దొరుకుతాయి. ఇన్సులిన్ పరీక్ష అవసరమా అని డాక్టర్ గారిని అడగండి. ఉలవలు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నదానికి జవాబు అందులో ఉంది.

‘బర్రెల డాక్టరు’ అన్న మాట నాకు నచ్చలేదు, కానీ దాని వెనక భయం అర్థమైంది. పశువైద్యం చదివిన ప్రతి ఒక్కరూ గుర్రం గురించి చదువుకునే బయటికి వస్తారు. మన జిల్లాల్లో గుర్రాలు తక్కువ కాబట్టి చేతికి అనుభవం తక్కువ ఉండొచ్చు, అది ఆయనకూ తెలుసు. అయినా మీకు చెప్పింది చూడండి. జబ్బును సరిగ్గా పట్టుకున్నారు, నాడాలు తీయించారు, దాణా ఆపించారు, నడిపించొద్దన్నారు. నేను ఆయన స్థానంలో ఉన్నా ఇంతవరకు ఇదే చేసేవాణ్ణి.

మాట్లాడే తీరు మార్చండి. నోట్‌బుక్, వీడియో పట్టుకొని వెళ్లి, ‘సార్, మీరు చెప్పినట్టే కట్టేశాను. మందు తగ్గించాక ఇలా ఉంది. ఎక్స్‌రే తీయిస్తే మీకు పనికొస్తుందా? ఖర్చు నేను పెట్టుకుంటాను. రాజేంద్రనగర్ కాలేజీలో ఎవరితోనైనా మీరే ఒకసారి మాట్లాడతారా?’ అని అడగండి. ‘మీకు గుర్రాల గురించి తెలుసా’ అని అడిగితే ఏ డాక్టరైనా ముడుచుకుపోతాడు. మీరు ఇలా అడిగితే కాదనేవాళ్లు అరుదు. కాదన్నా, సమాధానం చెప్పకుండా చిరాకు పడినా, అప్పుడు వేరే డాక్టర్‌ను చూడటంలో తప్పు లేదు. చాటుగా మాత్రం వద్దు. ఇప్పటిదాకా ఇచ్చిన మందుల పేర్లు, మోతాదులు, తేదీలు రాసిన కాగితం, ఖాళీ సీసాలు, స్ట్రిప్పులు అన్నీ రెండో డాక్టర్ ముందు పెట్టండి. ఒకరికి తెలియకుండా ఇంకొకరు నొప్పి మందు ఇస్తే ఏమవుతుందో పైన చెప్పాను.

కొన్ని సంగతుల్లో అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. గిట్ట పై అంచున వెంట్రుకల దగ్గర వేలు పెడితే గుంట తగిలినా, అక్కడ నీరో రక్తమో కారినా, గిట్ట అడుగున ముందు భాగం ఉబ్బినా, రాణి రోజంతా పడుకుని లేవకపోయినా, ఆ పూటే డాక్టర్ గారికి చెప్పండి. దొరక్కపోతే 1962కు చేయండి, పశువుల అంబులెన్స్ నంబరది. బాగుపడుతున్న గుర్రం ఉన్నట్టుండి ఒకే ఒక్క కాలు నేల మోపకపోతే మాత్రం మరీ టెన్షన్ పడొద్దు. ఈ వారాల్లో గిట్ట లోపల చీము పట్టడం చాలా మామూలు, దాన్ని బయటికి తీస్తే రెండు రోజుల్లో తేలిక పడుతుంది. కానీ అది జబ్బు తిరగబెట్టడమో చీమో తేల్చాల్సింది డాక్టరే, నాడాలాయన కత్తి కాదు.

ఇక పని సంగతి. నొప్పి మందు పూర్తిగా ఆపాక, మందు లేకుండానే కొన్ని వారాల పాటు గట్టి నేల మీద, మలుపులో కూడా మామూలుగా నడిస్తే, ఎక్స్‌రే కూడా బాగుందంటే, అప్పుడు చేత్తో పట్టుకొని రోజూ కొన్ని నిమిషాల నడక మొదలవుతుంది. ఎక్కడం, మోయడం ఇంకా తర్వాత. అన్నీ కలిసొస్తే మాఘంలో చిన్న బరాత్‌ల గురించి ఆలోచించొచ్చు, ఎక్స్‌రే బాగోలేకపోతే వైశాఖం దాకా మరిచిపోండి. బరాత్ అంటే ఏమిటో నాకన్నా మీకే బాగా తెలుసు. సీసీ రోడ్డు మీద గంటలు గంటలు నిలబడాలి, ముందు బ్యాండు, వెనక డీజే, పైన జరీ శేర్వానీలో పెళ్లికొడుకు, పక్కన వాడి తోడల్లుడు ‘డాన్స్ చేయించు’ అని వంద నోటు ఊపుతుంటాడు. ఆ డాన్స్‌లో ముందుకాళ్లు ఎత్తి టప్‌మని నేలకు కొట్టడం ఈ గుర్రానికి ఇక ఎప్పటికీ వద్దు. మిగతా పనికి వచ్చినా ఆ ఒక్కటి రాణి చేత చేయించొద్దు.

ఇన్నాళ్లు కొట్టంలోనే ఉంటే రాణి డల్ అవుతుందన్న బాధ ఉంటే, అది కొంత తీర్చొచ్చు. మనుషులు తిరిగే వైపు ముఖం ఉండేలా కట్టండి, పక్కన ఒక మేకను కట్టినా తోడు దొరుకుతుంది. మేతను రెండు పూటలుగా కాకుండా నాలుగైదు సార్లుగా కొద్దికొద్దిగా వేస్తే నోటికి పని ఉంటుంది.

మీ డాక్టర్ గారితో ఇంత టెన్షన్ రావడానికి సగం కారణం ఆ కార్తీకం అడ్వాన్సులేనని నా అనుమానం. ఆయన ‘రెండు నెలలు’ అన్నప్పుడల్లా మీకు ముహూర్తాలు కళ్లముందు కదులుతున్నాయి. అడ్వాన్సు ఇచ్చిన వాళ్లకు ఈ వారమే ఫోన్ చేసి విషయం చెప్పి డబ్బు వెనక్కి ఇచ్చేయండి. లేదా షాద్‌నగర్, మహబూబ్‌నగర్ వైపు మీకు తెలిసిన గుర్రాల వాళ్లతో మాట్లాడి వేరే గుర్రాన్ని పెట్టండి. ముహూర్తానికి రెండు రోజుల ముందు చెబితే వాళ్లకు ఇంకో గుర్రం దొరకదు, మీరు మొహమాటానికి రాణికే జీను వేస్తారు.